నాన్నకి కప్పిన నారబట్ట

ఆ ఏడు మిడతలు ముందుగానే దిగాయి. ఒక పొద్దున మంచు విడిచేసరికి మా అరటితోట వెనక గడ్డంతా తనంతట తానే కదులుతున్నట్టు కనిపించింది. బుటెంజి ఊళ్లో ఆడవాళ్లందరూ బుట్టలు పట్టుకుని పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను, మాకవి వేయించుకు తినే తిండి. మిడతల కాలం వచ్చిందంటే ఇంట్లో ఎంత దుఃఖమున్నా కాళ్లు ఆగవు, నోరూ ఆగదు. అప్పటికి మా నాన్న కనబడకుండా పోయి ఏడాది దాటింది.

నాన్న పేరు క్యెయునే. ముటుబ చెట్టు బెరడు వలిచి, దాన్ని దుంగ మీద పరిచి, గాళ్లు చెక్కిన కొయ్యసుత్తులతో కొట్టికొట్టి బట్టలా సాగదీయడం ఆయన పని. మా నీటిపిల్లి వంశంలో తాతల నాటినుంచీ అదే పని. ఆ నారబట్ట చుట్టందే మా వైపు ఎవరినీ మట్టిలో పెట్టరు. ఆడవాళ్లు సుత్తి పట్టకూడదు కాబట్టి నా పని వేరు. కొమ్మ మొలిచిన చోట బెరడుకి చిల్లి పడుతుంది. ఆ చిల్లులకి అతుకు వేసి కుట్టేదాన్ని. నాన్న కొట్టిన బట్టల్లో నా వేళ్లు తడమని జానెడు చోటు ఉండేది కాదు.

ఆయన ఎందుకు పోయాడో ఊరందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. అవి సైనికుల రాజ్యం నాటి రోజులు. చిత్తడి గట్టున లారీలు ఆగిన చప్పుడు వినిపించిన మర్నాడు అక్కడ మనుషులు పడి ఉండేవారు, ఊపిరి లేకుండా. నాన్న వెళ్లి ఒక్కొక్కరికీ ఒక్కో బట్ట చుట్టి, గొయ్యి తీసి పెట్టి వచ్చేవాడు. "ఎవరో ఏంటో తెలీని వాళ్ల కోసం నీకెందుకురా ఈ తలనొప్పి?" అని పెదనాన్న సెబలూ తిట్టేవాడు. "నా దగ్గర బట్ట ఉంది, వాడికి లేదు. ఇందులో ఎందుకు అనే మాటెక్కడిది?" అనేవాడు నాన్న. ఆ సంగతి ఎవరో పైవాళ్ల చెవిన వేశారు. ఒక తెల్లవారుజామున నాన్న తన సన్నసుత్తిని సంచిలో వేసుకుని, తోట వెనకనుంచి చిత్తడి వైపు నడిచి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు దొరికిపోయాడో, దాక్కున్నాడో మాకు తెలీదు.

ఆ సన్నసుత్తి గురించి చెప్పాలి. బట్ట చివరికొచ్చాక దానితోనే కొట్టాలి. అది ఒకసారి జారి రాయి మీద పడి, ఒక గాడి అంచు విరిగింది. అప్పటినుంచీ దానితో కొట్టిన బట్ట మీద, పక్కపక్కన ఉండే గీతల మధ్య, వెంట్రుకంత ఎత్తుగా ఒక గీత అదనంగా లేచేది. కంటికి కనపడదు గానీ వేలికి తగులుతుంది. "ఇంకోటి చెక్కుకో నాన్నా" అంటే, "కదిలే పన్ను లాంటిదే అమ్మా ఇది, పీకేస్తే నాలిక్కి తోచదు" అని నవ్వేవాడు.

నాన్న పోయిన దగ్గర్నుంచీ మా ఇంటికి పైవాళ్ల మనిషి ఒకడు వచ్చేవాడు. పేరు చెప్పలేదు. పొడిదగ్గు దగ్గేవాడు, అందుకని మేము దగ్గుమనిషి అని పిలుచుకునేవాళ్లం. గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు. చెప్పులు విడిచి, అరుగు మీద చాప చివర కూర్చుని, అమ్మ వంట మెచ్చుకునేవాడు. ఆ మెప్పు వింటుంటే నాకు ఒళ్లు జలదరించేది.

మిడతలు దిగిన ఆ వారంలోనూ వచ్చాడు. అమ్మా నేనూ చేతులకి బూడిద పూసుకుని మిడతల రెక్కలూ కాళ్లూ తుంచుతున్నాం. మా అమ్మ పేరు నలుమాన్సి. చేతులు చకచకా ఆడతాయి, మాట మాత్రం నింపాదిగా వస్తుంది. ఆమె ఉల్లిపాయ వేసి వేయించిన మిడతలు ఆకులో పెట్టి ఆయన ముందుంచింది.

"కరకరలాడుతున్నాయమ్మా. మసాకా బజార్లో కూడా ఇంత బాగా వేయించరు," అన్నాడు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ. "ఇంతకీ మీ ఆయన కబురేమైనా?"

"మీకు తెలియంది మాకేం తెలుస్తుంది బాబూ?"

"అదీ నిజమే." దగ్గు ఆగేదాకా ఆగాడు. అరటిగెల మోసుకొస్తున్న మా అన్నయ్య కిగ్గుండు వైపు చూశాడు. "కుర్రాడు బాగా ఎదిగాడే. భుజాలు చూడు. మా వాళ్లకి ఓపిక తక్కువమ్మా. తండ్రి దొరక్కపోతే కొడుకుతో సరిపెట్టుకుందాం అంటున్నారు. నేనే ఆపుతున్నా. ఈ మిడతలు అయ్యేదాకా ఆపగలను."

ఆకు ఖాళీ చేసి, వేళ్లు నాకి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. అమ్మ చేతిలో ఉన్న మిడత ఎగిరిపోయింది. నేను చూస్తుండగా ఆమె చేతిలోంచి మిడత ఎగిరిపోవడం అదే మొదటిసారి.

అదే సాయంత్రం ఆ చప్పుడు మొదలైంది.

ఒక పొయ్యి మీద ఆకుల్లో చుట్టిన అరటికాయలూ, ఇంకో పొయ్యి మీద పులుసూ ఉడుకుతున్నాయి. గాలి లేదు. పక్షులు కూడా ఎందుకో ఊరుకున్నాయి. చిత్తడి వైపునుంచి వినిపించింది, టక్, టక్, టక్. ఆగింది. మళ్లీ టక్, టక్. దుంగ మీద సుత్తి. నాన్న పనిచేసే కొట్టం నా ఎదురుగానే ఉంది. దుంగ మీద సాలెపట్టు. ముతకసుత్తీ నడిమిసుత్తీ చూరులోనే ఉన్నాయి. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"అమ్మా, విన్నావా?"

"పులుసు మాడుతోంది, చూసుకో," అంది అమ్మ. కానీ ఆమె కూడా చిత్తడి వైపు తిరిగే నిలబడింది.

ఆ చప్పుడు మా ఒక్కళ్లకే వినిపించి ఉంటే నా చెవులదే తప్పనుకునేదాన్ని. మర్నాడు ఊరంతా అదే మాట. పొద్దు వాలేసరికి వినిపిస్తుంది, చీకటి పడగానే ఆగిపోతుంది. చిత్తడిలో ఎవరూ ఉండరు, అక్కడ దుంగా లేదు, పాకా లేదు. చిత్తడి పక్కగా చెరువు దారిన నీళ్లకి వెళ్లే ఆడవాళ్లు పెందలాడే వెళ్లి రావడం మొదలుపెట్టారు. పిల్లల్ని సాయంత్రం మిడతలకి పంపడం మానేశారు. క్యెయునేకి బట్ట దక్కలేదు, అందుకే తన బట్ట తానే కొట్టుకుంటున్నాడు అన్నారు. ఎందరికో చుట్టి పెట్టినవాడు, ఆయనకి చుట్టేవాళ్లు లేకపోయారు అన్నారు. నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. బతికున్నాడో లేదో తెలియని మనిషిని వీళ్లే చంపేసి, వీళ్లే దయ్యాన్ని చేసి, వీళ్లే జాలిపడుతున్నారు!

పెదనాన్న ఆ ఆదివారం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. వస్తూనే విషయం అందుకున్నాడు.

"నలుమాన్సీ, ఇక లాభం లేదు. వాడికి మట్టి చెయ్యాల్సిందే. శవం లేకపోతే అరటిబోదె పెడదాం. పెద్దలు చేసిందే కదా. ఆ చప్పుడుకి ఊరు బెదిరిపోతోంది. ఆ దగ్గేవాడు కూడా చూసి, చచ్చాడ్రా అనుకుని పోతాడు. కుర్రాడు దక్కుతాడు."

"నాన్న బతికుంటే?" అన్నాను నేను.

"నిన్నెవరే అడిగింది?"

"ఎవరూ అడగరు కాబట్టే చెబుతున్నా. బోదె పెట్టి మట్టి వేశాక ఆయన తిరిగొస్తే?"

పెదనాన్న కర్ర పక్కన పెట్టాడు. ఈసారి గొంతు తగ్గింది. "తిరిగొచ్చినా గడప తొక్కకూడదు తల్లీ. మట్టి వేసినవాడు మట్టి వేసినవాడే. మన తోటలో వాడు మనవాళ్లలో ఎవరి కంట పడినా, ఆ గొయ్యి ఇంకొకర్ని అడుగుతుంది. అందుకే ఏడాది ఆగాను. వాడు నా తమ్ముడు కాదా? నాకు మాత్రం సంతోషమా?"

అన్నయ్య తలొంచుకుని కూర్చున్నాడు. తన కోసమే నాన్నని పూడుస్తున్నారని వాడికి తెలుసు. "నేనే ఎటైనా పోతాను," అన్నాడు.

"పోరా, పో. అప్పుడు రెండు బోదెలు నరుకుతా," అన్నాడు పెదనాన్న. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

అందరం అమ్మ వైపు చూశాం. భర్త కావాలంటే కొడుకు పోతాడు, కొడుకు కావాలంటే భర్త ఎన్నటికీ ఇంటికి రాలేడు. ఆమె చాటలో బూడిద సర్దింది.

"ఆలోచిద్దాం బావగారూ," అంది. "మిడతలు ఇంకా ఉన్నాయిగా."

మా ఊళ్లో ఆలోచిద్దాం అన్న మాట కూడా సాయంత్రానికి బజారంతా తిరుగుతుంది. క్యెయునేకి బోదె పెడుతున్నారట అని అరటిపండ్ల బండ్ల దగ్గరా, చాపలు నేసే పాకల్లోనూ, చిత్తడి రేవులోనూ అనుకున్నారు. అలా కొన్నాళ్లు గడిచాయి. టక్ టక్ చప్పుడు మాత్రం ప్రతి సాయంత్రం వినబడుతూనే ఉంది. ఒకనాడు ఉన్నట్టుండి సన్నగా, వడివడిగా మారింది. బట్ట చివరికొస్తే కొట్టే తీరు అది. నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ మర్నాటినుంచి చప్పుడు లేదు.

చప్పుడు ఆగిన రెండు మూడు రోజులకి బిరాబ్వా అవ్వ మా ఇంటికొచ్చింది. బజార్లో నారబట్టలు అమ్మేది ఆవిడే. లోకంలో దేనికీ జడవని మనిషి. అలాంటిది ఆ పొద్దున తలగుడ్డ కొసతో మెడ తుడుచుకుంటూ, చంకలో మడత పెట్టిన బట్టతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇది మీదేనేమో చూడండే," అంది. "పొద్దున కొట్టు పలకలు తీస్తుంటే గుమ్మంలో ఉంది. అరటినారతో కట్టి, పైన ముటుబ ఆకు ఒకటి దోపి ఉంది. నాకు బట్టలిచ్చే వాళ్లెవరూ అలా పెట్టరు. ఊళ్లో బట్ట కావాల్సిన ఇల్లు ఇప్పుడు మీదొక్కటే."

"ఎవరు పెట్టారు అవ్వా?"

"మనిషైతే నా కుక్క మొరగదా? అది కొత్తవాళ్లని చూస్తే పిక్కలు పీకుతుంది. అలాంటిది బట్ట పక్కనే పడుకుని తోకాడిస్తోంది." ఆవిడ బట్టని అరుగు మీద పెట్టి చేతులు దులుపుకుంది. "దాంట్లో ఒక చిల్లి ఉంది. అది కుట్టకుండా పెట్టారు."

అమ్మ బట్టని నా ఒళ్లోకి తోసింది. "కుట్టు," అంది.

నేను కొట్టం ముందు చాప వేసుకుని కూర్చున్నాను. కొత్త బట్ట. ఎండకి ఇంకా సరిగా ఎర్రబడలేదు. ఈ వానల్లో వలిచిన బెరడే, పచ్చివాసన పోలేదు. చిల్లి అరచేయంత ఉంది. అతుకు పెట్టి, అంచు మడిచి, సూది దించాను. దించిన సూది పైకి లాగుతూ బొటనవేలితో బట్టని నొక్కి పట్టుకున్నాను. వేలికి ఏదో తగిలింది.

వెంట్రుకంత గీత.

వేలు జరిపాను. జానెడు దూరంలో ఇంకోటి. మళ్లీ జానెడు దూరంలో ఇంకోటి. బట్ట పొడుగునా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉన్నాయి. ఆ సుత్తి నాన్న సంచిలో ఉంది. సంచి నాన్న భుజానికి ఉంది. నేను నాన్న శవానికి బట్ట కుడుతున్నాను, ఆ బట్టని కొట్టింది నాన్నే!

"అమ్మా!" అని అరవబోయాను. ఆమె అప్పటికే నా వెనక నిలబడి ఉంది. కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. రెండో చేతి చూపుడువేలు బట్ట మీద పెట్టి, కళ్లు మూసుకుని, ఒక గీతనుంచి ఇంకో గీతకి మెల్లగా జరిపింది. చిన్నప్పుడు నిద్రపట్టకపోతే నా వీపు మీద అలాగే వేలు జరిపేది.

"నాన్న బతికే ఉన్నాడమ్మా," అన్నాను గుసగుసగా. "పెదనాన్నకి చెబుదాం. బోదె వద్దని చెబుదాం."

"మెల్లగా మాట్లాడు."

"ఆయనకి మట్టి వేస్తే ఇక రాలేడు కదా!"

"ఆయనకి ఆ సంగతి తెలీదా?" అంది అమ్మ. "ఇది ఎందుకు పంపాడనుకున్నావ్? మనం పిలుద్దామనా?" ఆమె వేలు బట్ట మీదనుంచి తీయలేదు. "నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. ఆయన తేల్చి పంపాడు. కుట్టెయ్యి తల్లీ. కుట్టు దగ్గరగా పడాలి. నువ్వు కుడతావనే చిల్లి ఉంచాడు."

నాకు కళ్లు కనపడలేదు. వేళ్లతోనే కుట్టాను.

ఆ సాయంత్రం అమ్మ పెదనాన్నకి సరే అని కబురు పెట్టింది. పొద్దున్నే అన్నయ్యని తోటలోకి తీసుకెళ్లి బోదెని తనే ఎంచింది. పెదనాన్న బోదె మొదలుకి కత్తి ఆనించబోతే ఆపింది.

"నరకొద్దు. దుంపతో సహా తవ్వండి."

"దుంపెందుకే? బోదె చాలుగా."

"నిండు మనిషికి నిండు చెట్టు పెట్టాలి. సగం మనిషిని పెట్టానని రేపు నాకు మాట రావద్దు బావగారూ."

పెదనాన్న గొణుక్కుంటూనే పార తీసుకున్నాడు. దుంపకి మట్టి అంటుకుని ఉంది. అమ్మ ఆ మట్టిని కూడా దులపనివ్వలేదు.

మట్టి వేసే రోజు దగ్గుమనిషి వచ్చాడు. వస్తాడని అందరికీ తెలుసు. చాప మీద నారబట్ట చుట్టిన బోదె మనిషి పొడుగున పడుకుని ఉంది. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. అమ్మ కూడా ఏడుస్తోంది, నోటితో. కళ్లు పొడిగా ఉన్నాయి. గడ్డిలోంచి మిడతలు ఎగిరొచ్చి బట్ట మీద వాలుతున్నాయి. తోలితే లేస్తున్నాయి, మళ్లీ వచ్చి అక్కడే వాలుతున్నాయి. వేరే ఎవరి మీదా వాలలేదు.

దగ్గుమనిషి చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు. ఒంగి బట్ట మీద చెయ్యి వేశాడు. నిమిరాడు. "మంచి పనితనం," అన్నాడు. "ఎవరు కొట్టారు?"

ఆయన బొటనవేలు సరిగ్గా ఆ గీత మీద ఉంది. పెదనాన్న ఏదో చెప్పబోయాడు, ఆయనకి నిజంగానే ఏమీ తెలీదు.

"బజారు బట్ట బాబూ," అంది అమ్మ. "మా ఆయన ఉంటే ఇంతకంటే బాగా కొట్టేవాడు."

ఆయన వేలు ఇంకొంచెం జరిగింది. దగ్గొచ్చింది. చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు తగ్గాక చాలాసేపు బోదె వైపు చూసి, "పాపం, మంచివాడనే విన్నాను," అన్నాడు. బిరాబ్వా అవ్వ ఇచ్చిన మిడతల పొట్లం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

మట్టి వేశారు. ఆడవాళ్లు అమ్మని నమ్వండు అని పిలవడం మొదలుపెట్టారు. భర్త పోయిన మనిషిని మావాళ్లు అలాగే పిలుస్తారు. అమ్మ ఆ పిలుపుకి పలికింది.

మైల రోజులు గడిచాక మళ్లీ పని మొదలెట్టొచ్చు. మనిషి ఏమయ్యాడో తేలేదాకా అతని చెట్ల మీద కత్తి పెట్టకూడదు కాబట్టి ఏడాదికి పైగా మా ముటుబ చెట్ల దగ్గరికి ఎవరూ పోలేదు. అన్నయ్య కత్తి నూరుకుని బయల్దేరాడు, వెనకే నేనూ అమ్మా. చిత్తడి వైపు కంచె పక్కన చివరగా ఒక చెట్టుంది. పొదలు పెరిగి మొదలు కనబడదు. అన్నయ్య పొదలు నరికి, చప్పున ఆగిపోయాడు.

చెట్టు మానుకి అరటాకులు చుట్టి ఉన్నాయి. బెరడు వలిచాక, పచ్చిపుండు ఎండిపోకుండా అలా చుట్టి కడతాం. అది మేము చేసే పనే. కానీ ఈ చెట్టుకి మేము చెయ్యలేదు. ఆకుల అంచులు ఎండాయి, లోపల ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"ఏ దొంగ వెధవో మన చెట్టు వలిచేశాడమ్మా!" అన్నాడు అన్నయ్య.

"దొంగైతే ఆకులు చుట్టి పోతాడా?" అంది అమ్మ.

నారముడి చూశాను. కొస కిందికి దోపి ఉంది, వాన నీళ్లు ముడిలో నిలవకుండా. నాన్న ఒక్కడే అలా కట్టేవాడు. ఆకు కొంచెం తప్పించి చూస్తే లోపల లేతచర్మం అప్పుడే ఊరుతోంది, తడిగా, పసిబిడ్డ ఒళ్లులా. మేము గొయ్యిలో పెట్టిన బట్ట ఈ చెట్టుదే. ఆయన వచ్చి, మా తోటలో నిలబడి, తన చెట్టు తానే వలుచుకుని, పుండుకి ఆకు కట్టి వెళ్లాడు. మేము బహుశా ఆ పక్కనే, అరుగు మీద, దగ్గుమనిషికి మిడతలు వడ్డిస్తున్నాం. వాడు అన్నయ్య గురించి అన్న మాట నాన్న చెవిన పడే ఉంటుంది.

అన్నయ్యకి ముడి చూశాక అర్థమైంది. వాడు కత్తి కింద పడేసి, చెట్టుకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"ఈ చెట్టు జోలికి మాత్రం పోకురా," అంది అమ్మ. "మిగతావి నీవి."

కొన్నాళ్లకి సమాధి మీద మట్టి పగిలి అరటిపిలక లేచింది. చూసినవాళ్లు గుండెలు బాదుకున్నారు. పెదనాన్న కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, చచ్చినవాడి గుండెల మీద మొక్కేంటని. అమ్మ అడ్డంగా నిలబడింది. "పెరగనివ్వండి బావగారూ. ఆకులకి ఎక్కడికని పోను?" అని నవ్వింది. ఆ నవ్వులో ఏముందో ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, దుంప బతకాలనే ఆమె మట్టితో సహా పెట్టించింది.

తర్వాత ప్రతి వానాకాలమూ అంతే. అన్నయ్య చెట్లు వలవడం మొదలుపెట్టేసరికి, చివరి చెట్టు వలిచి, ఆకులు చుట్టి ఉండేది. ఆ ఆకులు ఎక్కడివో రెండో ఏడు కనిపెట్టాను. సమాధి మీది అరటికి రెండు పెద్దాకులు ఏటవాలుగా, ఒక్క వేటుకి తెగి ఉండేవి. తన గుండెల మీద మొలిచిన చెట్టు ఆకులు కోసుకుని, తన చెట్టుకి కడుతున్నాడు మా నాన్న.

అమ్మ మిడతల కాలం రాగానే వేయించిన మిడతలు ఆకులో కట్టి ఆ చెట్టు మొదట్లో పెట్టేది. మర్నాటికి పొట్లం విప్పి, ఆకు మడిచి ఉండేది. "ఉడుముకి పెడుతున్నావా?" అని ఒకసారి వేళాకోళం ఆడాను. "ఎవరు తిన్నా ఆకలే కదే," అంది.

ఒక ఏడు నేను ఊరుకోలేకపోయాను. సైనికుల రాజ్యం పోయింది. దాక్కున్న వాళ్లందరూ గడ్డాలు పెంచుకుని, పిల్లల పేర్లు మర్చిపోయి, అయినా ఇళ్లకి వచ్చేశారు. నాన్న రాలేదు. అరటిదుంప మీద వేసిన మట్టికి ఇంత భయమేంటని నాకు మండిపోయింది. పొద్దు వాలుతుండగా పొదల్లో దాక్కుని కూర్చున్నాను. చిత్తడి వైపు గడ్డి కదిలింది. అప్పుడే అమ్మ వచ్చి నా చెయ్యి పట్టి లేపింది.

"లే. ఇంటికి పద."

"ఒక్కసారి చూస్తానమ్మా. ఒక్కసారే."

"నువ్వు చూస్తే ఆయన వచ్చినట్టవుతుంది. చూడకపోతే రానట్టే. రానట్టుంటేనే వస్తాడు." చెయ్యి వదల్లేదు. "నాకు మాత్రం చూడాలని లేదనుకున్నావా?"

ఇద్దరం వెనక్కి తిరక్కుండా ఇంటికి నడిచాం. వెనక గడ్డి ఇంకా కదులుతూనే ఉంది. మిడతలే కావచ్చు.

ఆ తర్వాత నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. అన్నయ్య చేతికి నాన్న తీరు వచ్చింది, ఆ గీత మాత్రం రాలేదు. ఒక ఏడు మిడతలు ఆలస్యంగా దిగాయి. నేను పుట్టింట్లోనే ఉన్నాను. పొద్దున్నే అమ్మ తోటలోకి వెళ్లింది. కాసేపటికి చిత్తడి వైపునుంచి ఒక కేక వినిపించింది. నాన్నని పూడ్చిన రోజున కూడా అమ్మ అలా ఏడవలేదు.

పరుగెత్తాను. దారిలో సమాధి మీది అరటి కనబడింది. ఆకులన్నీ ఉన్నాయి. కోసేవాళ్లు లేక గాలికి చీలికలై వేలాడుతున్నాయి. చివరి చెట్టు నిండు బెరడుతో నిలబడి ఉంది. మొదట్లో అమ్మ పెట్టిన పొట్లం కట్టు విప్పకుండా అలాగే ఉంది, చీమలు పట్టి. అమ్మ నేల మీద కూలబడి, మావాళ్లు చావు దుఃఖంలో కట్టుకునే ఎండిన అరటినార నడుముకి కట్టుకుని, తల బాదుకుంటోంది.

ఊరంతా పోగయింది. "ఎవరు? ఎవరు పోయారు?" అని అడుగుతున్నారు. "నా పెనిమిటి," అంది అమ్మ. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముసలి పెదనాన్న కర్ర ఊతంగా వచ్చి, "వెర్రిదానా, అది ఎప్పటి మాటే," అన్నాడు మెల్లగా.

బిరాబ్వా అవ్వ మాత్రం ఏమీ అనలేదు. చెట్టు వైపు చూసింది. చీమలు పట్టిన పొట్లం వైపు చూసింది. తలగుడ్డ విప్పి, మోకాళ్లు పట్టుకుని, అమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"ఎప్పుడే?" అని అడిగింది.

"ఈ వానల్లోనే అవ్వా," అంది అమ్మ.

నేను రెండో పక్కన కూర్చుని నోరారా ఏడ్చాను.